హాస్టలా, బయట గదా?

హాస్టల్ ఫీజునీ బయటి అద్దెనీ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తప్పుతుంది. హాస్టల్ ఫీజు చాలాచోట్ల తరగతులు జరిగే నెలలకే. కరెంటు, నీళ్లు, వైఫై తరచూ అందులోనే కలిసిపోతాయి. బయట ఏడాదికి ఒప్పందం రాస్తే, సెలవుల్లో తాళం వేసి వెళ్లినా అద్దె కట్టాల్సిందే. 12 నెలలకు కట్టి 9 నెలలే ఉంటే, అద్దె మూడో వంతు పెరిగినట్టే.

దూరం సంగతి: గది నుంచి కాలేజీకి పోను 40 నిమిషాలు, రాను 40 అనుకోండి. ఐదు రోజులకు 400 నిమిషాలు, అంటే ఆరున్నర గంటల పైమాటే. రాత్రి దాకా ల్యాబ్ ఉండే కోర్సైతే ఆఖరి బస్సు ఎన్నింటికో ముందు చూసుకోండి.

అసలు చిక్కంతా ఉమ్మడి ఒప్పందంతోనే. నలుగురూ ఒకే కాగితం మీద సంతకం పెట్టాక ఒకరు మధ్యలో వెళ్లిపోతే, ఆ వాటా మిగతా ముగ్గురి నెత్తిన పడొచ్చు. స్నేహం వేరు, సంతకం వేరు. ఎవరికి వారికి విడి ఒప్పందం దొరికితే, కాస్త ఎక్కువైనా నాకదే నయం అనిపిస్తుంది.

గది చూడ్డానికి వెళ్తే కుళాయి, షవర్ ఒకేసారి తిప్పండి. ధార సన్నబడిందా, పొద్దున క్లాసుల రోజు అవస్థే. బీరువా వెనక గోడ తడిమి చూడండి. కొత్త రంగు కింద చెమ్మ దాక్కుంటుంది. దిగిన రోజే ప్రతి మరకనీ, పగులునీ ఫొటో తీసి ఓనరుకి పంపేయండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోతలు మొదలయ్యేది వాటి దగ్గరే.