గోడలో పిడుదులు

మా కుక్క గుండుగాడు వచ్చిన మొదటి ఏడాది నాకు శుభ్రం పిచ్చి. ఆదివారం వస్తే పెరట్లో కుళాయి కింద వాడికి తలంటే. సబ్బు మేం రుద్దుకునేదే. రెండు నెలలు తిరిగేసరికి వీపు మీద పొట్టు లేచింది, రాత్రంతా గోక్కోవడమే. కుక్క చర్మం తీరు వేరు, మన సబ్బు దానికి పడదు, ఒంట్లో ఉండే కాస్త నూనె కూడా పోతుంది అన్నారు డాక్టరుగారు. "వారం వారం పోయమని ఎవరు చెప్పారమ్మా?" అని కూడా అడిగారు. ఎవరూ చెప్పలేదు, మా అమ్మ మమ్మల్ని అలా పెంచింది! ఇప్పుడు నెలకోసారి, కుక్కల షాంపూతో. మిగతా రోజుల్లో దువ్వెన. వానాకాలంలో బయట తిరిగొస్తే కాలివేళ్ల సందులు, వేలాడే చెవుల లోపలి వైపు పొడిగుడ్డతో తుడుస్తాను. ఆ చెవుల్లో తడి నిలిచిందా, పులిసిన వాసన మొదలవుతుంది.

కిందటేడు జూన్‌లో చెవి వెనక ఆముదపు గింజలా ఏదో చేతికి తగిలింది. పిడుదు. వెతికితే ఒక్క పూటలో ముప్పై రెండు దొరికాయి. అగరొత్తితో కాల్చమంది అమ్మ. అలా చేస్తే అది లోపలున్నది గాయంలోకే కక్కుతుందట. కనుబొమలు తీసుకునే ప్లకర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. గోటితో నలపకూడదు. స్పిరిట్ పోసిన సీసాలో వేశాను. నాలుగో రోజుకి మళ్లీ అన్నీ!

"కుక్కని కాదు, గోడలు చూడండి" అన్నారు డాక్టరుగారు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందికి దిగి, గోడ ఎక్కి, ఏ పగుల్లోనో వేల గుడ్లు పెడుతుందట. పిల్లలు కుక్క మీదికెక్కి తాగుతాయి, దిగిపోతాయి, ఎదిగి మళ్లీ ఎక్కుతాయి. ఆ రాత్రి టార్చి వేసి చూశాను. మాది గుంటూరు బ్రాడీపేటలో పాత అద్దె ఇల్లు, పగుళ్లకేం కొదవ? తలుపు చట్రం వెనక, మెట్ల కింద, ఆఖరికి క్యాలెండర్ తగిలించిన మేకు సందులో కూడా ఉన్నాయి. ఓనరుగారు సంక్రాంతికి సున్నం వేయిస్తానన్నారు. సంక్రాంతి దాకా పిడుదులు ఆగుతాయా? నేనే వైట్ సిమెంట్ కలిపి ఒక్కో సందూ పూడ్చాను. వాడి పరుపు గుడ్డలు వేడినీళ్లలో ఉతికాను.

టెన్షన్ పెట్టింది మాత్రం మందు. మెడ వెనక వేసే చుక్కల మందు షాపులో ఇస్తే తెచ్చేశాను. వేయబోతూ అట్ట మీద చదివితే పర్మెత్రిన్ అని ఉంది. మా పిల్లి చిట్టి నిద్రపోయేది గుండుగాడి పొట్ట మీదే. ఫోన్ చేస్తే డాక్టరుగారు గట్టిగానే కేకలేశారు: కుక్కకి పనికొచ్చే ఆ మందు పిల్లికి విషం, దాని ఒంట్లో అరగదు, వణుకు, ఫిట్స్ వస్తాయి, మందు తడి ఉన్న కుక్కని ఆనుకుని పడుకున్నా ప్రమాదమేనట. తిరిగిచ్చేశాను. వాడి బరువు చూసి ఆయన రాసిన మాత్రే ఇప్పుడు మింగిస్తున్నాను, పెరుగన్నంలో దాచిపెట్టి. అన్నం తిని మాత్ర పక్కకి ఉమ్మడంలో వాడు ఘనుడు.

చిట్టికి నా స్నానాలు అక్కర్లేదు, రోజంతా తనే నాక్కుంటుంది. దువ్వితే చాలు. లేదంటే మింగిన వెంట్రుకలన్నీ ఉండకట్టి సరిగ్గా చాప మీదే కక్కుతుంది. గోళ్లు చివర కొస మాత్రం కత్తిరిస్తాను. గుండుగాడివి నల్ల గోళ్లు, లోపలి రక్తనాళం కనపడదు. ఒకసారి తెగింది. మొక్కజొన్న పిండి అద్ది నొక్కిపట్టాను, రక్తం ఆగింది గానీ కట్టర్ చూస్తే మంచం కిందికే.

రాత్రి టార్చి తిప్పడం ఇంకా మానలేదు. మేకు సందులో సిమెంట్ గట్టిగానే ఉంది. గుండుగాడి ఒంటి మీద మందు తడేమీ లేదు కాబట్టి, చిట్టి వాడి చెవులు నాకుతున్నా ఇప్పుడు నేను కదిలించను.