ఒక్క కబురు, మూడుసార్లు

సైట్ ఫీడ్‌లో, అంటే కొత్త ఎంట్రీల జాబితాలో, ఏదైనా మారగానే హబ్ అనే మధ్యవర్తి సర్వర్ చందాదారులకు కబురు పంపే పద్ధతి వెబ్‌సబ్. పొద్దున్నే లాగ్ తెరిస్తే అలా వచ్చే ఒకే అప్‌డేట్ మూడుసార్లు వచ్చి ఉంది. ప్రచురించింది మాత్రం ఒక్కసారే. మొదటిదానికీ రెండోదానికీ మధ్య కొన్ని సెకన్లు, రెండోదానికీ మూడోదానికీ మధ్య నిమిషం పైనే. ఎడం అలా పెరుగుతూ పోయిందంటే హబ్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందన్నమాట. తప్పు కబుర్లు అందుకునే మా రిసీవర్‌దే.

కబురు అందగానే మా కోడ్ దాన్ని డేటాబేస్‌లో రాస్తుంది, బొమ్మలు దించుకుంటుంది, సెర్చ్ ఇండెక్స్ మారుస్తుంది. ఇవన్నీ అయ్యాకగానీ 200, అంటే 'సరే' అని, జవాబివ్వదు. హబ్ అంతసేపు ఎదురుచూడలేక, అందలేదనుకుని ఇంకోసారి పంపింది. వెబ్‌సబ్ స్పెసిఫికేషన్‌లో ఈ మాట స్పష్టంగానే ఉంది: వీలైనంత త్వరగా జవాబివ్వాలి, ఆ జవాబుకు అర్థం 'అందింది' అనే తప్ప 'పని పూర్తయింది' అని కాదు. చదివాను, తలూపాను, కోడ్‌లో మాత్రం పెట్టలేదు. ఇవాళ పెట్టాను. ఇప్పుడు వచ్చింది వచ్చినట్టు క్యూలో పడుతుంది, జవాబు వెంటనే వెళ్తుంది. ఎంట్రీ ఐడీ, మార్పు సమయం రెండూ పాతవే అయితే రెండోసారి ముట్టుకోదు. అయినా అదే కబురు మళ్లీ రాదని నమ్మకూడదు. పంపేవాడికి 'అందింది' అన్న జవాబు దారిలోనే పోతే, మళ్లీ పంపడం తప్ప వేరే దారి లేదు.

మధ్యాహ్నం మీటింగ్‌లో, మేం నడిపే హబ్‌లో సబ్‌స్క్రిప్షన్ (చందా) ధ్రువీకరణ తీసేద్దామన్నారు. అదనంగా ఒక రిక్వెస్ట్ ఎందుకని. నేను గట్టిగానే వద్దన్నాను. చందా కోరిన చిరునామాకు హబ్ ఒక చాలెంజ్ పంపుతుంది, అవతలివాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు తిప్పి చెప్పాలి. అది లేకపోతే ఎవరైనా వేరేవాళ్ల చిరునామా ఇచ్చేసి, రోజంతా కబుర్లు కురిసే ఫీడ్‌కు వాళ్లని కట్టేయొచ్చు. అడగనివాళ్ల తలుపు తట్టే హక్కు మనకెవరిచ్చారు? నాకు ఈ ప్రోటోకాల్ మీద ఇష్టం కలిగించింది కూడా ఈ చిన్న మర్యాదే. 2009లో బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్, బ్రెట్ స్లాట్కిన్ వాళ్లు పబ్‌సబ్‌హబ్బబ్ అన్న పేరుతో మొదలుపెట్టినదే 2018 జనవరిలో వెబ్‌సబ్ పేరుతో, వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ సిఫార్సు అయింది. చివరికి ధ్రువీకరణ ఉంచడానికే ఒప్పుకున్నారు.

గడువు సంగతి కూడా తేలింది. శాశ్వత చందా అన్నది వెబ్‌సబ్‌లో లేదు, ప్రతిదానికీ సెకన్లలో లెక్కించే ఒక గడువు ఉంటుంది. ఎప్పుడో మూతపడిన సర్వర్లకు ఏళ్లతరబడి పంపుతూ ఉండకుండా ఇదే కాపాడుతుంది. కానీ రెన్యూ చేయడం మరిచిపోతే మన చందా చప్పుడు లేకుండా పోతుంది. ఎర్రర్ రాదు, కబుర్లు రావడం మానేస్తాయంతే. అందుకే సగం గడువు గడవగానే రెన్యూ చేసేలా రాశాను.

దానితోపాటు ఆరు గంటలకోసారి ఫీడ్‌ను మేమే వెళ్లి చూసి వచ్చే పాత పద్ధతినీ ఉంచాను. పోయినసారి చూసిన ప్రతికి సర్వర్ ఇచ్చిన గుర్తు, అంటే ఈట్యాగ్ పంపితే, ఏమీ మారకపోయినప్పుడు 304 ('మారలేదు') అని ఖాళీ జవాబు వస్తుంది, పెద్ద భారమేమీ కాదు. సాయంత్రం ఒక టెస్ట్ చందాను కావాలనే గడువు దాటనిచ్చి చూశాను. ఆ మధ్యలో ప్రచురించిన రెండు ఎంట్రీలూ తర్వాతి వంతులో వచ్చి చేరాయి, ఒక్కోటి ఒక్కసారే.

రేపు సంతకాల పరిశీలన, అంటే కబురు నిజంగా హబ్ నుంచే వచ్చిందా అని తేల్చుకోవడం, చూడాలి.