చిట్టా, ఆవర్జా, ట్యాలీ: నా బీకాం మూడేళ్లు

పలాసలో మా వీధిలో దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు జీడిపప్పు పనికి వెళతారు. మా అమ్మది పొట్టు ఒలిచే పని. కిలోల లెక్కన కూలీ. సాయంత్రం ఇంటికి రాగానే గోడకున్న క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో గీతలు పెడుతుంది. కిలోకి ఒక గీత. నాలుగు నిలువుగా, ఐదోది వాటి మీంచి అడ్డంగా. వారం చివర డబ్బుతో పాటు ఒక చీటీ ఇస్తారు. ఆ చీటీని, ఈ గీతలను పక్కపక్కన పెట్టి అమ్మ ఎప్పుడూ చూసుకోలేదు. ఒకసారి నేను అడిగితే, "ఆళ్లు రాసిందే కదేటే, మనం అడిగితే ఏటనుకుంతారు?" అంది. అప్పటికి నేను ఇంటర్ సీఈసీ రెండో ఏడాదిలో ఉన్నాను.

ఇంటర్ అంతా తెలుగు మీడియం. తెలుగు అకాడమీ పుస్తకంలో అకౌంట్స్ నాకు బాగా నచ్చేవి. చిట్టా, ఆవర్జా, అంకణా, అనామతు ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ. వ్యవహారాలు మొదట రాసుకునేది చిట్టా, వాటిని ఖాతాల వారీగా విడదీసేది ఆవర్జా, ఆ ఖాతాల మొత్తాలు రెండు వైపులా సరిపోయాయో చూసేది అంకణా, తేడా ఎక్కడిదో తేలేదాకా దాన్ని ఉంచేది అనామతు ఖాతా. ఆ మాటలకి ఒక తూకం ఉండేది. అంకణా రెండు వైపులా సరిపోయిన రోజు ఇంటికి హాయిగా వెళ్లేదాన్ని.

2021లో శ్రీకాకుళంలో బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్‌లో చేరాను. సరిగ్గా ఆ ఏడాది నుంచే రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియం అయింది. మొదటి సెమిస్టర్‌లో ఫండమెంటల్స్ ఆఫ్ అకౌంటింగ్ క్లాసులో బోర్డు మీద జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అని రాశారు. అవి నాకు తెలిసిన చిట్టా, ఆవర్జా, అంకణాలేనని అర్థం కావడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఎవరూ చెప్పలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. మొదటి ఇంటర్నల్‌లో 25కి 9 వచ్చాయి.

ఆ రాత్రి హాస్టల్లో ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ తీసి మధ్యలో గీత కొట్టాను. ఎడమ వైపు ఇంటర్‌లో చదువుకున్న మాట, కుడి వైపు దాని ఇంగ్లీషు మాట. అనామతు ఖాతా పక్కన సస్పెన్స్ అకౌంట్. తరుగుదల పక్కన డిప్రిసియేషన్. జంటపద్దు పక్కన డబుల్ ఎంట్రీ. నాలుగు రోజులు తిరిగేసరికి ఎనభై మాటలయ్యాయి, వాటిలో అరవై పైన నాకు ముందే తెలిసిన విషయాలే. సబ్జెక్టు నాకు కొత్తది కాదు, దాని పేర్లే కొత్తవి. తెలుగు మీడియం నుంచి వచ్చి బీకాంలో చేరేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మొదటి వారంలోనే ఈ నోట్‌బుక్ తయారు చేసుకోండి. ఇంతకంటే ఉపయోగపడిన పని నేను ఆ మూడేళ్లలో ఇంకోటి చేయలేదు.

ఒక్క విషయం మాత్రం నోట్‌బుక్‌తో తేలలేదు. వచ్చేదాన్ని డెబిట్ చేయాలి, పోయేదాన్ని క్రెడిట్ చేయాలి అని చదువుకున్నాం కదా. మరి మా అమ్మ బ్యాంకు పాస్‌బుక్‌లో డబ్బు వేసినప్పుడల్లా క్రెడిట్ అని ఎందుకు పడుతుంది? దసరా సెలవులకి వెళ్లినప్పుడు పాస్‌బుక్ ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ పుస్తకం మనది కాదు, బ్యాంకుది అని తట్టినప్పుడు ముడి విడిపోయింది. మనం వేసిన డబ్బు బ్యాంకు మనకి బాకీ పడ్డ డబ్బు. బ్యాంకు లెక్కలో మనం ఇచ్చినవాళ్లం, కాబట్టి మన ఖాతాకి క్రెడిట్. అదే డబ్బు మన నగదు పుస్తకంలో డెబిట్. ఒకే వ్యవహారాన్ని రెండు వైపుల నుంచి ఇద్దరు రాసుకుంటున్నారు. ఆ రెండు రాతలూ కలవాలి. కలవకపోతే ఎక్కడో ఏదో ఉంది. ఆ రోజు నుంచి లెక్కలంటే నాకు అర్థమైంది ఇదే.

మధ్య సెమిస్టర్ల గురించి ఎక్కువ చెప్పను. సెలవులకి ఇంటికి వెళ్లడం, ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి వచ్చి పాసింజర్ ఎక్కడం, ఊర్లాం, తిలారు దాటేలోపు ఒక ప్రాబ్లం చేసేయడం. సీ ప్రోగ్రామింగ్ నాకు పట్టుబడలేదు, పాసయ్యాను అంతే.

నాలుగో సెమిస్టర్ మాత్రం వేరు. కాస్ట్ అకౌంటింగ్‌లో ప్రాసెస్ కాస్టింగ్ పాఠం మొదలైంది. ముడిసరుకు ఒక దశలోంచి ఇంకో దశలోకి వెళుతుంటే తరుగు వస్తుంది. మామూలుగా వచ్చే తరుగు ఖర్చుని మంచి సరుకే మోయాలి. మామూలుకి మించి పోయిన తరుగుని విడిగా లాభనష్టాల ఖాతాకి తీసుకెళ్లాలి. పుస్తకంలో ఏదో రసాయనాల ఫ్యాక్టరీ లెక్క ఇచ్చారు. నా కళ్ల ముందు మాత్రం మా ఊరే ఉంది. గింజని ఉడికించడం, కోయడం, ఆరబెట్టడం, పొట్టు ఒలవడం, గ్రేడు చేయడం. ఒక్కొక్కటీ ఒక్కో ప్రాసెస్.

పలాసలో బస్తా అంటే 80 కిలోలు. ఒక బస్తాకి ఎంత పప్పు రావాలో అమ్మకి నోటి లెక్క. "ఇరవై ఒస్తే పరవాలేదు, ఇరవై రెండొస్తే మంచి గింజ" అంటుంది. లెక్క కోసం బస్తా 10,000 రూపాయలు అనుకోండి. 20 కిలోలు వస్తే కిలో పప్పు మీద గింజ ఖర్చే 500 పడుతుంది. 22 వస్తే అది 455 లోపే. రెండు కిలోల తేడా కిలోకి 45 రూపాయలు మార్చేస్తుంది. పైగా వచ్చిన పప్పంతా ఒక ధరకి పోదు. డబ్ల్యూ 240 అనే గ్రేడు అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 220 నుంచి 240 గుండు పప్పులు తూగేది. డబ్ల్యూ 320 అంటే అంతకంటే చిన్నవి. బద్ద వేరు, ముక్క వేరు. ఒకే బస్తాలోంచి వచ్చిన వీటన్నిటి మీదా ఆ ఒక్క ఖర్చునే ఎలా పంచాలి? జాయింట్ ప్రొడక్ట్స్ పాఠం చెప్పేది సరిగ్గా ఇదే. తూకం ప్రకారం పంచితే ముక్క పప్పు నష్టంలో కనిపిస్తుంది, అమ్మకం విలువ ప్రకారం పంచితే అలా కాదు. మిగిలిన తొక్కని నూనె తీసేవాళ్లకి అమ్మితే వచ్చే డబ్బు బై ప్రొడక్ట్ రాబడి. ఆ మేరకు ఖర్చులోంచి తీసేయాలి.

సెమినార్‌కి ఇదే తీసుకున్నాను. ఒలుపులో గుండు పప్పు విరిగితే దాని విలువ ఎంత పడిపోతుందో బోర్డు మీద వేసి చూపించాను. మా అమ్మ వేళ్ల నేర్పు విలువ ఎంతో నేను మొదటిసారి అంకెల్లో చూసింది కూడా అప్పుడే.

చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్. ఇక్కడ ఒక మాట బాధతోనే చెప్పాలి. డబ్బు కడితే రానక్కర్లేకుండానే సర్టిఫికెట్ ఇస్తామని ఒకచోట మాకు చెప్పారు. మా బ్యాచ్‌లో కొందరు కట్టారు. వాళ్ల ఇళ్లలో ఆ డబ్బు ఎలా సర్దారో నాకు తెలుసు. ఆ ఆర్నెల్లు అలా పోగొట్టుకోవడం చాలా పెద్ద నష్టం. నేను నాలుగు ఆడిటర్ ఆఫీసుల మెట్లెక్కాను. మూడు చోట్ల ఖాళీ లేదన్నారు. నాలుగో చోట, "జీతం ఇవ్వలేను, పని మాత్రం నేర్పుతాను" అన్నారు. చేరిపోయాను.

మొదటి పది రోజులూ బిల్లులు తేదీల వారీగా పేర్చడమే. కాలేజీలో ప్రతి లెక్కా గుండ్రని అంకెల్లో ఉండి చివర సరిపోతుంది. ఇక్కడ బిల్లు సగం చిరిగి ఉంటుంది, తేదీ మీద టీ మరక ఉంటుంది. తర్వాత కంప్యూటర్‌లో లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు ఇచ్చారు. ఆపైన జీఎస్టీ. ప్రతి నెలా అమ్మకాల రిటర్ను 11లోపు, 14న 2బీ వస్తుంది, అంటే మనకి అమ్మినవాళ్లు చూపించిన మన కొనుగోళ్ల పట్టీ, దాంతో మన పుస్తకం సరిచూసుకుని 20లోపు 3బీ, అంటే పన్ను కట్టే రిటర్ను. మళ్లీ అదే సూత్రం. అమ్మినవాడు రాసింది, మనం రాసుకున్నది కలవాలి.

ఒక జీడిపప్పు వ్యాపారి ఫైలు నా చేతికి వచ్చింది. రైతు దగ్గర కొన్న పచ్చి గింజకి బిల్లు ఉండదు కదా, పన్ను ఎవరు కట్టాలి అని ఆడిటర్ గారిని అడిగాను. ఒలవని జీడిగింజని రైతు దగ్గర కొంటే రిజిస్ట్రేషన్ ఉన్న కొనుగోలుదారే రివర్స్ ఛార్జ్ కింద, అంటే అమ్మినవాడికి బదులు తనే, పన్ను కట్టాలి, బిల్లు కూడా తనే రాసుకోవాలి, ఆ పన్నుని కొనుగోళ్ల మీద ఇదివరకు కట్టిన పన్ను క్రెడిట్‌లోంచి కట్టడం కుదరదు, నగదుగానే కట్టి తర్వాత క్రెడిట్ తీసుకోవాలి అని చెప్పారు. అలాగే ఒకరికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్నులో ఆ ఖర్చు ఒప్పుకోరని చదివాను. రైతుకి తన పంట కోసం నేరుగా ఇచ్చిన నగదుకి అందులో మినహాయింపు ఉందని మాత్రం అక్కడే తెలిసింది.

ఆ ఆఫీసులో ఒక సీనియర్ అక్క ఉండేది. ఒకరోజు బ్యాంకు స్టేట్‌మెంటుకీ మా పుస్తకానికీ తేడా వచ్చింది. మధ్యాహ్నం నుంచి వెతుకుతున్నాను. చీకటి పడుతోంది. అక్క వచ్చి నా పక్కన కూర్చుంది.

"తేడా ఎంతొచ్చిందమ్మా?"

"మూడు వేల ఆరు వందలక్కా."

"తొమ్మిదితో భాగించు. పోతాదా?"

"పోతాది. నాలుగొందలు."

"అయితే అంకెలు తారుమారైపోనాయి. పక్కపక్క అంకెల మధ్య నాలుగు తేడా ఉన్నది ఎతుకు."

ఐదు నిమిషాల్లో దొరికింది. బ్యాంకులో వెళ్లింది 68,400. మేం రాసింది 64,800. రెండు పక్కపక్క అంకెలు చోటు మారితే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది. అలా పోకపోతే తేడాని సగం చేసి ఆ మొత్తం కోసం వెతకాలట, ఒకవైపు రాయాల్సింది ఇంకోవైపు రాస్తే తేడా రెట్టింపు అవుతుంది కాబట్టి. మూడేళ్లలో ఏ పరీక్షలోనూ ఇది అడగలేదు. నేను మాత్రం ఇప్పటికీ వారానికి ఒకసారైనా వాడుతున్నాను.

2024లో డిగ్రీ అయ్యాక పైడిభీమవరం వైపు ఒక కంపెనీలో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి పిలిచారు. నిర్వచనాలు అడుగుతారని రాత్రంతా చదివి వెళ్లాను. వాళ్లు ఎక్సెల్ తెరిచి రెండు జాబితాలు ఇచ్చారు. ఒకటి కంపెనీ పుస్తకంలోది, ఒకటి సరుకు ఇచ్చినవాళ్లు పంపింది. "కలవనివి తీసి, ఎందుకు కలవలేదో రాయండి" అన్నారు. నలభై నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది.

ఇప్పుడు ఉద్యోగం చేస్తూనే ఖర్చుల లెక్కల కోర్సు సీఎంఏలో రెండో దశ అయిన ఇంటర్మీడియట్‌కి చదువుతున్నాను. డిగ్రీ ఉన్నవాళ్లు మొదటి దశ ఫౌండేషన్ రాయకుండా నేరుగా అందులో చేరవచ్చు. సీఏ కూడా ఆలోచించాను. బీకాంలో 55 శాతం ఉంటే అక్కడా నేరుగా ప్రవేశం ఉంది, ఆర్టికల్స్, అంటే సీఏ దగ్గర చేసే శిక్షణ, ఇప్పుడు రెండేళ్లే. కానీ ఆ రెండేళ్లు జీతం వదులుకునే పరిస్థితి మా ఇంట్లో లేదు. పైగా ఖర్చుల లెక్క మీదే నాకు ఇష్టం ఎక్కువ.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు క్యాలెండర్ కింద మేకుకి గుచ్చిన చీటీలన్నీ తీశాను. డిసెంబరు నాలుగు వారాలు. అమ్మ గీతలు లెక్కపెట్టి ఎడమవైపు రాశాను, చీటీలోవి కుడివైపు. మూడు వారాలు అచ్చంగా కలిశాయి. ఒక వారంలో అమ్మవి 43, చీటీలో 34.

"తొమ్మిది కిలోలమ్మా" అన్నాను.

అమ్మ చాలాసేపు ఆ కాగితం వైపు చూసింది. మర్నాడు పండగ ముగిసి పని మొదలైంది. క్యాలెండర్‌లో ఆ పేజీ చింపి, చీటీతో కలిపి మడిచి, కొంగున ముడేసుకుని వెళ్లింది. వాళ్లు పాత పుస్తకం తీసి చూసి, అంకెలు అటూ ఇటూ పడ్డాయని ఒప్పుకుని తొమ్మిది కిలోల కూలీ ఇచ్చారు. సాయంత్రం వచ్చాక అమ్మ నన్ను ఇంకో నోట్‌బుక్ తెమ్మంది, మధ్యలో గీత కొట్టి ఇమ్మంది.