సంగీత్ మధ్యలో ఆగిన పాట, కొత్త ల్యాప్‌టాప్ వెతుకులాట

మొదటి వారం

పిన్ని కూతురి సంగీత్‌లో పాట ఆగిపోయింది. ముందు స్పీకర్లలో చిటపటమని శబ్దం. తర్వాత పాటలోని ఒక్క ముక్కే నాలుగైదు సార్లు పలికి, రెండు సెకన్లు మొత్తం మూగబోయింది. మళ్లీ దానంతట అదే అందుకుంది. రెండు సెకన్లే, కానీ నెల రోజులు ప్రాక్టీసు చేసి స్టేజి ఎక్కిన పిల్లలు అడుగు తప్పి, అందరూ ఒకేసారి నా వైపు తిరిగారు. వాళ్ల ముఖాలు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి. అందుకే ఈ లాగ్ మొదలుపెడుతున్నా.

డీజే నాకు వృత్తి కాదు. పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం. రెండేళ్లుగా బంధువులు, స్నేహితుల ఇళ్లలో హల్దీలకు, సంగీత్‌లకు వాయిస్తున్నా. నా దగ్గర ఉన్నవి పయొనీర్ డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4 కంట్రోలర్ (పాటల్ని చేత్తో కలపడానికి ల్యాప్‌టాప్‌కి తగిలించే పరికరం), రెకార్డ్‌బాక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్, ఆరేళ్ల కిందట చదువు కోసం కొన్న విండోస్ ల్యాప్‌టాప్.

ఆదివారం ఆ ల్యాప్‌టాప్ వెనుక మూత విప్పాను. ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము, తేమ కలిసి తడి దూదిలా గట్టిపడి ఉంది. కంట్రోలర్ పెట్టే యూఎస్‌బీ పోర్టు అంచున సన్నగా తుప్పు. మా ఇల్లు విశాఖ పెదవాల్తేరులో, బీచ్‌కి నడిచి వెళ్లేంత దూరం. కిటికీ గ్రిల్లునే ఏటా రంగు వేయకపోతే ఉప్పుగాలి తినేస్తుంది, పోర్టులో ఉండే పలుచటి రేకు ఎంత! బ్రష్‌తో శుభ్రం చేసి, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు మార్చాను. వేడి తగ్గింది. చిటపట మాత్రం పోలేదు.

రెండో వారం

నన్ను బాగా తికమక పెట్టిన విషయం ఒకటుంది. పాట ఆగినప్పుడు కూడా సీపీయూ వాడకం 25 శాతం దాటలేదు. అంత ఖాళీ ఉండగా ఎందుకు తడబడింది?

మా పోర్టు పనితో పోల్చుకుంటే నాకు అర్థమైంది. ఓడలోంచి క్రేన్ సరుకు దించుతుంటే, కింద లారీ వేళకు వచ్చి నిలబడాలి. రోజు మొత్తానికి లారీలు సరిపడా ఉన్నా, ఒక్క లారీ ఒక్కసారి ఆలస్యమైతే క్రేన్ గాల్లో ఆగిపోతుంది. ఆడియో కూడా అంతే. ల్యాప్‌టాప్ ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా కంట్రోలర్‌లోని సౌండ్ కార్డుకు పంపుతుంది. ఆ ముక్క సైజే బఫర్. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 44,100 శాంపిళ్లు (ధ్వని కొలతలు) పంపేటప్పుడు, 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.9 మిల్లీసెకన్లు, 256 అంటే 5.8, 512 అంటే 11.6. ఆ గడువులోగా తర్వాతి ముక్క తయారు కాకపోతే ధ్వని తెగుతుంది. మిగతా గంటంతా ల్యాప్‌టాప్ ఎంత ఖాళీగా ఉన్నా ఆ క్షణానికి లాభం లేదు.

ఆలస్యం ఎక్కడ జరుగుతోందో చూడటానికి విండోస్‌లో లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అరగంట నడిపాను. పది, పదిహేను సెకన్లకొకసారి ఎర్రగీత లేచింది, 1,800 మైక్రోసెకన్ల దాకా. అంటే 1.8 మిల్లీసెకన్లు. నేను వాడుతున్నది 128 బఫర్. గడువులో సగానికి పైగా ఏదో డ్రైవరే మింగేస్తోంది! వైఫై ఆపగానే గీతలు సగం తగ్గాయి. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీ స్థితిని చూసే డ్రైవర్‌ని డిజేబుల్ చేస్తే మరికొన్ని తగ్గాయి. బఫర్ 256కి పెంచాక చిటపట దాదాపు పోయింది.

మరి కొత్తది ఎందుకంటారా? బ్యాటరీ 40 నిమిషాలు కూడా రావట్లేదు. స్టెమ్స్ అనే ఫీచర్‌తో పాటలోని గొంతును, వాద్యాన్ని విడదీస్తే ఒక్కసారిగా ఫ్యాన్ హోరెత్తి మళ్లీ తడబడుతోంది. పైగా దాని మీద నాకు నమ్మకం పోయింది. స్టేజి మీద ప్రతి పాటకీ టెన్షన్ పడుతూ వాయించలేను.

మూడో వారం

ద్వారకా నగర్‌లో మూడు షాపులు తిరిగాను. ఎక్కడికి వెళ్లినా "డీజేకా సర్, అయితే గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోండి" అనే మాటే. తప్పు సలహా అనను కానీ, గ్రాఫిక్స్ కార్డుకి పెట్టే డబ్బు డీజేకి పెద్దగా పనికిరాదు. పైగా గ్రాఫిక్స్ డ్రైవర్ వల్ల కూడా ఎర్రగీతలు లేస్తాయి. ఒక షాపులో అడిగి డెమో పీసు మీద లేటెన్సీమాన్ పది నిమిషాలు నడిపాను. పేపరు మీద స్పెక్స్ ఘనంగా ఉన్న ఆ మోడల్, నా పాత ల్యాప్‌టాప్ కన్నా దారుణంగా చూపించింది. పక్కనే ఉన్న మామూలు ఆఫీసు మోడల్ మొత్తం పచ్చగా ఉంది. స్పెక్స్ షీటు చూసి కొనకూడదని ఆ రోజే తీర్మానించుకున్నా.

ఇంటెల్ ప్రాసెసర్ అయితే పేరు చివర అక్షరం చూడాలి. యు అంటే తక్కువ కరెంటుతో నడిచేది, హెచ్ అంటే ఎక్కువ బలం, దానితోపాటు ఎక్కువ వేడి, చప్పుడు. స్టెమ్స్ వాడకపోతే ఈమధ్య వచ్చిన యు కూడా చాలు. ర్యామ్ 8 జీబీతో నడిచిపోతుంది, కానీ చాలా మోడళ్లలో తర్వాత పెంచుకోలేం కాబట్టి 16 కావాలనుకున్నా. స్టోరేజీ గురించి అనవసరంగా భయపడ్డాను. 320 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి దాదాపు 2.4 ఎంబీ. ఐదు నిమిషాల పాటలు 3,000 ఉన్నా 36 జీబీయే. 512 జీబీ ఎస్ఎస్‌డీ బోలెడు.

నేను అసలు ఊహించనిది స్క్రీన్. రుషికొండ దగ్గర రిసార్టులో పోయిన నెల ఒక హల్దీ. ఉదయం పదకొండు, నెత్తి మీద పలుచటి షామియానా. స్క్రీన్ మీద వేవ్‌ఫామ్ (పాట ధ్వనిని గీతలుగా చూపే బొమ్మ) కనిపించక, అట్టపెట్టె చించి గొడుగులా పట్టుకుని వాయించాను. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి వెలుతురు 250 నిట్స్. పగటి ఫంక్షన్లకు అది చాలదు. కనీసం 400 చూసుకోండి. ఈ ఒక్క షరతుతోనే నా జాబితాలో సగం మోడళ్లు ఎగిరిపోయాయి.

ఐదో వారం

కొన్నాను. సెకండ్ హ్యాండ్ మ్యాక్‌బుక్ ఎయిర్, 2020 చివర్లో వచ్చిన ఎం1 మోడల్, 16 జీబీ, 512 జీబీ. స్క్రీన్ 400 నిట్స్. ఫ్యాన్ లేదు, అంటే దుమ్మునీ ఉప్పుగాలినీ లోపలికి పీల్చదు. మన ఊరికి ఇదే నా లెక్కలో పెద్ద కారణం. ఇబ్బందీ అక్కడే ఉంది. ఫ్యాన్ లేదు కాబట్టి బాగా వేడెక్కితే వేగం తగ్గించుకుంటుంది. అందుకే డబ్బులిచ్చే ముందు అమ్మే ఆయన్ని బతిమాలి కూర్చున్నాను. "తమ్ముడూ, నీకెంతసేపు కావాలంటే అంతసేపు చూసుకో" అన్నారాయన. నా కంట్రోలర్ తగిలించి, ఫ్యాన్ వేయని గదిలో, చార్జర్ లేకుండా, స్టెమ్స్ ఆన్ చేసి గంటన్నర వాయించాను. అడుగుభాగం వేడెక్కింది కానీ చేయి పెట్టలేనంత కాదు. చిటపట ఒక్కసారీ లేదు.

సెకండ్ హ్యాండ్ మ్యాక్ కొనేవాళ్లు సిస్టమ్ రిపోర్టులో బ్యాటరీ సైకిల్ కౌంట్, అంటే బ్యాటరీ మొత్తం ఎన్ని చార్జింగ్‌లు వాడిందో చూడాలి. ఈ మోడల్‌కి గరిష్ఠంగా చెప్పేది 1000, నాది 212. అమ్మే మనిషి తన ఐక్లౌడ్ ఖాతాలోంచి మీ ఎదురుగానే బయటికి రావాలి. లేదంటే యాక్టివేషన్ లాక్ పడి, ఆ పెట్టె మీ చేతిలో ఉన్నా మీది కాదు.

పోర్టులు రెండే, రెండూ ఎడమ పక్కనే. ఒకటి చార్జర్‌కి, ఒకటి కంట్రోలర్‌కి. మధ్యలో హబ్ పెట్టొద్దని గట్టిగా చెబుతున్నా. ఎఫ్ఎల్ఎక్స్4 యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటుంది, నాసిరకం హబ్ అది సరిగా ఇవ్వలేదు. సీ నుంచి సీ కేబుల్ నేరుగా పెట్టాను, అలాంటిదే ఇంకోటి సంచిలో ఉంది.

పాటల్ని మార్చడానికి రెండు రాత్రులు పట్టింది. పాత హార్డ్ డిస్క్ ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో ఉంది. మ్యాక్ దాన్ని చదువుతుంది కానీ దాని మీద రాయదు. అందులోవన్నీ కాపీ చేసి, డిస్క్‌ను విండోస్, మ్యాక్ రెండూ రాయగలిగే ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చాను. రెకార్డ్‌బాక్స్‌లో లైబ్రరీ బ్యాకప్ తీసి ఇక్కడ రీస్టోర్ చేస్తే, ఫోల్డర్ దారి మారడం వల్ల పాటలన్నీ దొరకట్లేదని చూపించింది. గుండె ఆగినంత పనైంది. రీలొకేట్ చేసి, అంటే కొత్త ఫోల్డర్ ఎక్కడుందో చూపించాక హాట్ క్యూలతో (పాటలో నేరుగా దూకాల్సిన చోట పెట్టే గుర్తులు) సహా అన్నీ తిరిగొచ్చాయి, రెండేళ్లుగా ఒక్కొక్కటిగా పెట్టుకున్నవి.

ఆరో వారం

కొత్త సమస్య. చార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుర్రుమని సన్నటి మోత, తీస్తే లేదు. ఇది ల్యాప్‌టాప్ తప్పు కాదు. ఎఫ్ఎల్ఎక్స్4 మాస్టర్ అవుట్‌పుట్ ఆర్‌సీఏ, అన్‌బ్యాలెన్స్‌డ్, అంటే దారిలో కలిసే మోతను వదిలించుకోలేని రకం. ల్యాప్‌టాప్ ఒక సాకెట్‌లో, సౌండ్ వాళ్ల యాంప్లిఫయర్ ఇంకో సాకెట్‌లో ఉంటే ఎర్త్ రెండు దారుల్లో తిరిగి, మన 50 హెర్ట్జ్ కరెంటు మోత ఆడియోలోకి దిగుతుంది. కొందరు ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. తడి నేల మీద, జనరేటర్ కరెంటుతో అది ప్రాణాల మీదికి వస్తుంది. కంట్రోలర్‌కీ మిక్సర్‌కీ మధ్య ఒక గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టాను, ఆడియో వైర్లోంచి వెళ్లే ఆ ఎర్త్ దారిని తెంచే చిన్న పరికరం. మోత పూర్తిగా పోయింది.

బ్యాటరీ నిలబడితే అసలు చార్జరే అక్కర్లేదు. రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు అనుమతి లేదు కాబట్టి మన సంగీత్‌లు ఏడుకి మొదలైనా మూడు గంటల్లో ముగుస్తాయి. శనివారం డాబా మీద, ఉక్కపోతలో, నిండు చార్జింగ్‌తో కూర్చున్నాను. బ్లూటూత్, వైఫై ఆఫ్, అప్‌డేట్లు ఆఫ్, బఫర్ 256. మూడున్నర గంటలు ఆపకుండా వాయించాక 41 శాతం మిగిలింది.

మధ్యలో మా వీధి కరెంటు నిజంగానే పోయింది. ల్యాప్‌టాప్, దాని మీద ఆధారపడ్డ కంట్రోలర్ నడుస్తూనే ఉన్నాయి, స్పీకర్లు మాత్రమే ఆగాయి. వెంటనే మాస్టర్ వాల్యూమ్ కిందికి దించాను. కరెంటు వచ్చాక మెల్లగా పెంచితే దడేల్‌మనే శబ్దం లేకుండా పాట అందుకుంది. ఫంక్షన్‌లో జనరేటర్‌కి మారేటప్పుడు కూడా ఇదే చేయాలి. ఆ కదలిక చేతికి అలవాటయ్యేదాకా మెయిన్ స్విచ్ ఆపుతూ, వేస్తూ పది సార్లు ప్రాక్టీసు చేశాను.

ఇంకా చేయాల్సినవి ఉన్నాయి. ల్యాప్‌టాప్ సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేయాలి. ఫోన్లో గంటసేపటి పాటలు, దాన్ని మిక్సర్‌కి కలిపే వైరు ఎప్పుడూ చేతికందేలా ఉంచాలి. పాత ల్యాప్‌టాప్‌ని అమ్మడం లేదు, అదే లైబ్రరీతో స్టేజి కింద సిద్ధంగా ఉంటుంది. వచ్చే శుక్రవారం గాజువాకలో మా బావ చెల్లెలి సంగీత్. డాన్స్ చేసేది ఆ పిల్లలే. నిన్న పిన్ని ఫోన్ చేసి, ఆ రోజు మధ్యలో ఆగిన పాటనే మళ్లీ పెట్టమని వాళ్లు పట్టుబడుతున్నారని చెప్పింది. దాన్ని మొదటి ప్లేలిస్టులో మూడో పాటగా పెట్టాను.