తిరిగిచ్చేసిన పుస్తకానికి 150 డాలర్లు: కమ్యూనిటీ కాలేజీ లైబ్రరీతో నా అనుభవం

లైబ్రరీ బాకీ అంటూ నా కాలేజీ అకౌంట్ మీద పెట్టిన హోల్డ్ ఈ మధ్యాహ్నమే తీసేశారు. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా. రేపటిదాకా ఆగితే మర్యాదగా రాసేస్తానేమో.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. హెచ్4 మీద, అంటే మా ఆయన ఉద్యోగ వీసాతోపాటు భార్యకిచ్చే వీసా మీద వచ్చాను. పాప స్కూలుకెళ్ళడం మొదలయ్యాక, నర్సింగ్‌లో చేరదామని కమ్యూనిటీ కాలేజీలో ప్రీరిక్విజిట్లు, అంటే దానికి ముందు పూర్తి చెయ్యాల్సిన కోర్సులు, మొదలెట్టా. అనాటమీ అండ్ ఫిజియాలజీ మొదటి భాగం (టెక్సస్‌లో ఏ కమ్యూనిటీ కాలేజీలో చేరినా దీని నంబరు బయాలజీ 2401), తర్వాత 2402, ఆ పైన మైక్రోబయాలజీ. వీటిలో గ్రేడ్లు బాగుంటేనే నర్సింగ్ ప్రోగ్రాంలో సీటు గురించి ఆలోచించాలి. చుట్టుపక్కల మన ఆడవాళ్ళు చాలామంది ఇదే దారిలో ఉన్నారు, అందుకే వివరంగా చెబుతున్నా.

లైబ్రరీ కార్డంటూ వేరే ఏమీ ఉండదు. స్టూడెంట్ ఐడీ వెనకున్న బార్‌కోడే కార్డు. మామూలు పుస్తకాలు మూడు వారాలు ఇస్తారు, ఇంకెవరూ అడక్కపోతే ఆన్‌లైన్లోనే రెన్యూ చేసుకోవచ్చు. స్టడీ రూములు బుక్ చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్ లేనివాళ్ళకి సెమిస్టర్ మొత్తానికీ ఇస్తారు. డేటాబేస్‌లకి ఇంటినుంచే కాలేజీ లాగిన్‌తో వెళ్ళొచ్చు. మన కాలేజీలో లేని పుస్తకం కావాలంటే ఇంటర్ లైబ్రరీ లోన్ పెట్టండి, వేరే రాష్ట్రం నుంచైనా తెప్పిస్తారు, నా దగ్గర పైసా తీసుకోలేదు. అట్ట మీద చుట్టి వచ్చే కాగితం పట్టీని మాత్రం చింపకండి, అందులోనే ఆ పుస్తకం వివరాలన్నీ ఉంటాయి. ఇంతవరకూ ఎక్కడా ఇబ్బంది పడలేదు.

కోర్స్ రిజర్వ్స్ గురించి మాత్రం రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. అనాటమీ టెక్స్ట్‌బుక్ కొత్తది కొనాలంటే రెండొందల డాలర్ల పైమాటే. దాని కాపీ ఒకటి కౌంటర్ వెనక పెడతారు. రెండు గంటలు, లైబ్రరీలోనే చదవాలి, ఇంటికివ్వరు. పరీక్షల వారంలో దానికోసం పొద్దున్నే తలుపులు తీసేసరికి వెళ్ళి నిలబడాలి. పుస్తకాలే కాదు, ఎముకల పెట్టె కూడా ఇస్తారు. ప్లాస్టిక్ పుర్రె, తొడ ఎముక, వెన్నుపూసలు, మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలు దారానికి గుచ్చినవి. మొదటిసారి ఆ పెట్టె తెరిచి టేబుల్ మీద పుర్రె పెట్టుకుని పాపకి వీడియో కాల్ చేస్తే ఫోన్ మా ఆయన చేతిలో పడేసి పారిపోయింది. ప్రాక్టికల్ పరీక్షలో నాకు వందకి తొంభై ఎనిమిది వచ్చాయి. క్లాసులో నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాళ్ళున్నారు, వాళ్ళెవరికీ రాలేదు. ఇది చెప్పుకోకపోతే నాకు నిద్రపట్టదు.

ఇంకో సంగతి. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ వాళ్ళ ఓపెన్‌స్టాక్స్ అనే సంస్థ అనాటమీ అండ్ ఫిజియాలజీ పుస్తకం మొత్తాన్ని ఉచితంగా ఇస్తోంది, 2013 నుంచీ. 2022లో రెండో ఎడిషన్ కూడా వచ్చింది. మా ప్రొఫెసర్ ఆ మాటే ఎత్తలేదు. వేరే కాలేజీలో చదివే ఒక అక్క చెబితే తెలిసింది.

ఇక అసలు కథకొస్తాను.

సెమిస్టర్ మధ్యలో ఒక అనాటమీ అట్లాస్, అంటే శరీర భాగాల బొమ్మల పుస్తకం, కావాల్సొచ్చింది. మా క్యాంపస్‌లో లేదు, అదే కాలేజీకి ఇంకో ఊళ్ళో ఉన్న క్యాంపస్‌లో ఉంది. ఆన్‌లైన్లో రిక్వెస్ట్ పెడితే వాళ్ళ బండిలో మా క్యాంపస్‌కి వచ్చింది. చదువుకున్నా, గడువుకి ముందే తీసుకెళ్ళి మా కౌంటర్‌లోనే ఇచ్చా. అక్కడ కూర్చున్న కుర్రాడు, పార్ట్ టైం పని చేసే స్టూడెంటే, చెవిలో ఇయర్‌ఫోన్ తియ్యకుండానే పుస్తకం అందుకుని వెనక బల్ల మీద పెట్టి థాంక్యూ అన్నాడు. స్కాన్ చెయ్యలేదు. నా కళ్ళముందు చెయ్యలేదు కాబట్టి తర్వాత చేస్తాడనుకోవడం తప్ప నేను చెయ్యగలిగిందేముంది? కౌంటర్ దాటి వెళ్ళి నేనే స్కాన్ చెయ్యలేను కదా.

గడువు దాటాక ఓవర్‌డ్యూ అని మెయిల్ వచ్చింది. తిరిగిచ్చేశానని అప్పుడే జవాబు రాశా. ఆ మెయిల్ అడ్రసుకి జవాబులు వెళ్ళవట. మర్నాడు కౌంటర్‌కెళ్ళి చెబితే 'చూస్తాం' అన్నారు. ఏం చూశారో తెలీదు. కొన్ని వారాలకి పుస్తకం పోయినట్టు లెక్కగట్టి బిల్లు పంపారు. పుస్తకం ఖరీదు 130, ప్రాసెసింగ్ ఫీజు 20, వెరసి 150 డాలర్లు. దాంతోపాటే నా అకౌంట్ మీద హోల్డ్. హోల్డ్ ఉంటే తర్వాతి సెమిస్టర్‌కి రిజిస్టర్ చెయ్యనివ్వదు. అది నాకు తెలిసింది సరిగ్గా రిజిస్ట్రేషన్ తెరిచిన పొద్దున. 2402 ల్యాబ్ సెక్షన్లు గంటల్లో నిండిపోతాయి. నేను స్క్రీన్ ముందు కూర్చుని సీట్లు ఒక్కొక్కటీ తరిగిపోవడం చూస్తున్నా, నాకేమో ఎర్ర అక్షరాల్లో 'లైబ్రరీని సంప్రదించండి' అని.

పరుగెత్తుకుంటూ వెళ్ళా. ఈసారి కౌంటర్లో ఒకావిడ. విషయమంతా చెప్పా. ఆవిడ స్క్రీన్ నావైపు తిప్పి, వేలు పెట్టి చూపిస్తూ, ఒక్కో మాటా విడగొట్టి, గట్టిగా చదివింది: "బుక్. నాట్. రిటర్న్‌డ్." తర్వాత "నీకర్థమవుతోందా?" అని. నా వెనక లైన్లో మా ల్యాబ్ పిల్లలు ఇద్దరున్నారు. వాళ్ళు తలలు వంచుకుని ఫోన్లు చూసుకోవడం మొదలెట్టారు, అది ఇంకా దుర్భరం. నేను గుంటూరులో ఎమ్మెస్సీ జువాలజీ చేసి, నాలుగేళ్ళు ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. అర్థం కాకపోవడానికేముంది? ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. 'నేను ఇచ్చేశాను' అన్నదే మళ్ళీ అన్నా. ఆవిడ అంది కదా, "మీ దేశంలో పద్ధతి వేరే ఉండొచ్చు, ఇక్కడ లైబ్రరీ పుస్తకాలు వెనక్కివ్వాలి."

మా అమ్మమ్మగారి ఊరు చీరాల దగ్గర. అక్కడికి కూతవేటు దూరంలో వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచీ ఉంది. 1929లో దాని భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వచ్చి అక్కడి పాత పత్రికలు తిరగేస్తారు. ఇంటిపన్నులో గ్రంథాలయాల పన్నని విడిగా కట్టే రాష్ట్రం నుంచి వచ్చినదానికి, పుస్తకం వెనక్కివ్వాలని ఆవిడ నేర్పాలి! ఇదంతా కారులో కూర్చున్నాక గుర్తొచ్చింది. అక్కడున్నంతసేపూ గొంతు పెగల్లేదు.

ఇండియాలో డిగ్రీ అయ్యాక 'నో డ్యూస్' కోసం తిరగనివాళ్ళెవరు? లైబ్రేరియన్ సంతకం లేకపోతే టీసీ ఇవ్వరు. ఆ తిరుగుడు విసుగే, కానీ అక్కడొక రిజిస్టర్ ఉండేది, పుస్తకం తిరిగిచ్చినప్పుడు మన ఎదురుగానే కొట్టేసేవారు, ఆ గీతే మనకి సాక్ష్యం. ఇక్కడ సాక్ష్యం కంప్యూటర్ ఒక్కటే. దాన్ని నడిపే కుర్రాడు పాటలు వింటుంటే నా మాట ఎవరూ వినరు.

మా ఆయన ఫోన్ చేసి మాట్లాడతానన్నాడు. చేశాడు. స్టూడెంట్ రికార్డుల గురించి స్టూడెంట్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడం అన్నారు, భర్తయినా సరే. ఈ ఒక్క విషయంలో మాత్రం వాళ్ళని మెచ్చుకుంటా. మా ఆయన ముఖం చూడాల్సింది.

అప్పుడు నాకు సాయం చేసింది రిఫరెన్స్ డెస్క్ దగ్గర కూర్చునే లైబ్రేరియన్. ఇది మనవాళ్ళు గుర్తుంచుకోవాలి: కౌంటర్లో పుస్తకాలిచ్చే వాళ్ళందరూ లైబ్రేరియన్లు కారు. లైబ్రేరియన్ అంటే ఇక్కడ లైబ్రరీ సైన్స్‌లో మాస్టర్స్ చేసినవాళ్ళు, పేపర్లు వెతకడం దగ్గర్నుంచి సైటేషన్ల దాకా కూర్చోబెట్టి నేర్పుతారు, ఊరికే. మనం వాళ్ళ దగ్గరికి వెళ్ళనే వెళ్ళం, సిగ్గో భయమో. ఆయన నా మాట పూర్తిగా విన్నాడు. తిరిగిచ్చామని మనం గట్టిగా చెబితే అకౌంట్‌లో అలాగే నమోదు చేసి, అల్మరాల్లో వెతికించే పద్ధతి ఒకటుందని, అది నా విషయంలో ఎవరూ మొదలెట్టనే లేదని చూసి చెప్పాడు. అట్లాస్ ఏ క్యాంపస్‌దో వాళ్ళకి మెయిల్ పెట్టాడు. "వాళ్ళు చూసేసరికి టైం పడుతుంది, నువ్వే వెళ్ళి చూసొస్తావా? కనబడితే ముట్టుకోకుండా ముందు ఫోటో తియ్యి" అని కాల్ నంబర్, అంటే పుస్తకం ఏ అరలో ఉండాలో చెప్పే నంబరు, కాగితం మీద రాసిచ్చాడు.

నలభై నిమిషాలు డ్రైవ్ చేసుకుని వెళ్ళా. అక్కడ పుస్తకాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో సర్దుతారు, మనకి అలవాటైన డ్యూయీ నంబర్లు కావు. ఫిజియాలజీకి క్యూపీ, అనాటమీకి క్యూఎం. క్యూఎం 25 దగ్గర కింది అరలో, ఉండాల్సిన చోటే ఉంది నా అట్లాస్. హాయిగా. లోపల, మా క్యాంపస్ నుంచి పంపినట్టు చేత్తో రాసిన చీటీ, తేదీతో సహా. స్కాన్ చెయ్యకుండానే బండిలో పడేశారు, ఇక్కడివాళ్ళు స్కాన్ చెయ్యకుండానే అరలో పెట్టారు. ఫోటోలు తీసుకుని, పుస్తకం కౌంటర్‌కి పట్టుకెళ్ళా.

కౌంటర్లో ఉన్నతను స్కాన్ చేసి, "ఇది మీ పేరు మీద ఉంది. మా షెల్ఫ్‌లోకి ఎలా వచ్చింది?" అని అడిగాడు, నన్ను! నేనే తెచ్చి అరలో పెట్టి నాటకమాడుతున్నానేమోనన్న చూపు. చీటీ చూపించా, తేదీ చూపించా, ఫోటో చూపించా. అప్పుడు కాస్త తగ్గి చెక్-ఇన్ చేశాడు. సారీ అనలేదు.

బిల్లులో 130 అక్కడికక్కడే రద్దయింది. 20 మిగిలింది, ప్రాసెసింగ్ ఫీజు వెనక్కివ్వడం ఉండదట. పోయిన పుస్తకానికి కదా ఆ ఫీజు, పోనిదానికి దేనికి? మేనేజర్‌ని పిలవమని అక్కడే నిలబడ్డా. పిలిచారు, ఆవిడ రెండు నిమిషాల్లో కొట్టేసింది. ఇరవై డాలర్ల కోసం అంత పట్టు దేనికని మా ఆయన అన్నాడు. నేను జవాబు చెప్పలేదు.

లైబ్రరీ వాళ్ళు తీసేసినా హోల్డ్ పోలేదు. డబ్బులు కట్టే ఆఫీసు వాళ్ళు వేరే తియ్యాలి, వాళ్ళకి రాత్రికి గానీ లెక్కలు చేరవు. వాళ్ళకి ఫోన్ చేస్తే లైబ్రరీని అడగమంటారు. ఆ ఆఫీసుకి స్వయంగా వెళ్ళి, లైబ్రరీ బ్యాలెన్స్ సున్నా అని ప్రింటు తీసుకెళ్ళి చూపిస్తేనే పని అవుతుంది. ఫోన్లు, చాట్లు దండగ.

కాబట్టి పుస్తకం తిరిగిచ్చినప్పుడు రసీదు అడగండి. మెయిల్‌లో పంపిస్తారు, అడగందే పంపరు. వాళ్ళు స్కాన్ చేసి మీ పేరు మీంచి పోయిందని చూపించేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి. వెనక లైన్ పెరిగితే పెరగనివ్వండి. వేరే క్యాంపస్ పుస్తకమైతే ఇంకా ముఖ్యం.

కాలేజీలో చేరకుండా లైబ్రరీ మాత్రం వాడుకోవాలనుకునేవాళ్ళకి, అమ్మానాన్నలు వచ్చున్నా సరే, టెక్సస్‌లో టెక్స్‌షేర్ కార్డని ఉంది. ముందు మీ సిటీ పబ్లిక్ లైబ్రరీలో సభ్యత్వం ఉండాలి, అక్కడ బాకీలు ఉండకూడదు. ఆ కార్డు తీసుకెళితే అందులో చేరిన కాలేజీ లైబ్రరీలు కూడా పుస్తకాలిస్తాయి. ఎన్నివ్వాలి, ఏవివ్వాలి అన్నది ఏ లైబ్రరీకి ఆ లైబ్రరీ ఇష్టం.

నాకు కావాల్సిన మంగళవారం ల్యాబ్ నిండిపోయింది. దొరికింది శనివారం పొద్దుట ఎనిమిదింటికి. పాపని తెలుగు క్లాసుకి తీసుకెళ్ళడం ఇక మా ఆయన పని.