పేల్చని తుపాకీకే తుప్పెక్కువ

ఒడిశాలోని మా పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగిళ్ళలో లైసెన్సు తుపాకీ ఉందంటే దాదాపుగా అది పాత పన్నెండు బోరు (గొట్టం సైజు) సింగిల్ బ్యారెలే, అంటే ఒకే గొట్టం ఉన్నది, తాతల కాలంలో కొన్నది, లైసెన్సు తర్వాతి తరం పేరు మీదకి మారింది, అంతే. పేల్చేది ఎప్పుడో గాని ఉండదు. చేలో అడవి పందులు పడ్డా అనుమతి లేకుండా వాటిని కొట్టడానికి 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, కాబట్టి తుపాకీ బీరువా వెనకాలే ఉండిపోతుంది. పేల్చిన తుపాకీని ఎవరైనా ఆ రోజే తుడుస్తారు. పేల్చనిదాన్ని తుడవాలని ఎవరికీ తోచదు, మహేంద్రగిరి వైపు నుంచి ముసురు పట్టిందంటే వారాల తరబడి వదలని ఊళ్ళో ఆ తోచకపోవడమే తుప్పుకి కారణం.

దీనికి తోడు ఎలక్షన్లు. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, జూన్ 4న ఫలితాలు. ఎన్నికల పేరున పోలీసులు డిపాజిట్ చెయ్యమన్న తుపాకీ ఫలితాలొచ్చిన వారం తర్వాత గాని తిరిగి చేతికి రాదు, అంటే సరిగ్గా వానలు మొదలయ్యే వేళకి. అన్నాళ్ళూ ఏదో ఒక గదిలో పదిమంది తుపాకుల పక్కన నిలబడి ఉంటుంది, దాన్ని ఎవరూ తుడవరు, తుడవాలని ఆశించడం కూడా న్యాయం కాదు. ఇచ్చే ముందే బ్యారెల్ లోపలా బయటా మామూలుకంటే కాస్త మందంగా ఆయిల్ పట్టించి ఇవ్వండి. రసీదులో తుపాకీ నంబరు సరిగ్గా పడిందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి.

ఇక శుభ్రం చెయ్యడం. ముందు తెరిచి చూడండి, ఖాళీ అని తెలిసినా సరే మళ్ళీ చూడండి, తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. బ్యారెల్ ఊడదీసి తూటా పెట్టే వైపు నుంచి రాడ్ తొయ్యండి, మూతి వైపు నుంచి కాదు, ఎందుకంటే మూతి అంచు అరిగితే మళ్ళీ సరి చెయ్యడం కష్టం. మొదట సాల్వెంట్‌లో, అంటే మసిని కరిగించే ద్రావకంలో ముంచిన గుడ్డ, కాసేపు నాననిచ్చి కంచు బ్రష్, తర్వాత పొడి గుడ్డలు తెల్లగా వచ్చేదాకా. ప్లాస్టిక్ వాడ్ (మందుకీ గుళ్ళకీ మధ్య పెట్టే బిళ్ళ) ఉన్న తూటాలు పేల్చి ఉంటే గొట్టంలో సన్నటి పొర అంటుకుని ఉంటుంది, వెలుతురుకేసి పెట్టి చూస్తే చారలుగా కనిపిస్తుంది, దానికి బ్రష్షే మందు. తూటా కూర్చునే గది, దాని ముందు ఇరుకయ్యే చోటు, ఈ రెండిటి దగ్గరే మసీ సీసం పేరుకుంటాయి, చాలామంది రాడ్ సర్రున లాగేసి వీటినే వదిలేస్తారు.

పాతకాలం తూటాలు వాడిన తుపాకీ అయితే ఇంకో మాట. అప్పటి ప్రైమర్లలో, అంటే తూటా అడుగున మందుని అంటించే చిన్న మూతల్లో, పొటాషియం క్లోరేట్ ఉండేది, అది పేలాక మిగిలేది ఉప్పు. ఉప్పు నూనెలో కరగదు, పైనుంచి ఎంత ఆయిల్ పూసినా కింద గాలిలోని చెమ్మని లాక్కుంటూనే ఉంటుంది. ఊడదీసిన బ్యారెల్‌లో వేడినీళ్ళు పోసి కడిగి, ఆ వేడి మీదే పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు ఆయిల్ వెయ్యాలి. తుపాకీకి నీళ్ళేంటని పెద్దవాళ్ళు కసురుతారు, కసరనివ్వండి.

నూనె సంగతికొస్తే మా పిన్ని ఇంట్లో కొబ్బరినూనె రాసేవారు. చలికాలంలో సీసాలో గడ్డకట్టే నూనె లోపలి స్ప్రింగుల దగ్గర కట్టదా? పైగా పాతబడితే జిగురవుతుంది. ఆవనూనె అయితే మరీ అన్యాయం. కుట్టుమిషను ఆయిల్ చాలు, అదీ గుడ్డకి రెండు చుక్కలు. డబ్ల్యూడీ-40 స్ప్రే తుప్పు వదిలించడానికి, చెమ్మ తియ్యడానికి బాగుంటుంది గాని నెలల తరబడి కాపలా కాస్తుందని నేను నమ్మను. పైన లేత తుప్పు వస్తే ఆయిల్ వేసి అతి సన్నటి స్టీల్ ఊల్‌తో (ఉక్కు పీచు) మెల్లగా రుద్దండి, ఉప్పు కాగితం పెట్టారంటే నల్ల మెరుపు పోయి ఇనుము బయటపడుతుంది, ఇక ఏటా తుప్పే.

ఆయిల్ ఎక్కువైనా నష్టమే. నిలబెట్టిన తుపాకీలో అది కిందకి దిగి చెక్కలోకి ఇంకుతుంది, ఇనుము ఆనే చోట చెక్క నల్లబడి మెత్తబడిందంటే ఏళ్ళ తరబడి జరిగింది ఇదే. మూతి కిందకి ఉండేలా పెట్టండి. తోలు కవరు మటుకు ఊరికి తీసుకెళ్ళేటప్పుడే, ఇంట్లో దాచడానికి అస్సలు వద్దు, తోలు చెమ్మని పీల్చి ఇనుముకి అంటిస్తుంది. పొడి నూలుగుడ్డ చుట్టి, బీరువాలో సిలికా జెల్ పొట్లాలు పడేసి, ముసురు ఉన్నన్నాళ్ళూ వారానికోసారి తీసి చూస్తే సరిపోతుంది. చేత్తో పట్టుకున్న చోటల్లా చెమట ఉంటుంది, మళ్ళీ తుడిచాకే లోపల పెట్టండి.

తూటాలకి మాత్రం ఆయిల్ తగలనివ్వకండి, ప్రైమర్‌లోకి దిగితే పేలదు. కాగితం గొట్టాలవి వానాకాలంలో ఉబ్బుతాయి. ఉబ్బినదాన్ని బలవంతంగా దూర్చకూడదు, అలాంటివి పక్కన పెట్టి లైసెన్సున్న డీలరుని అడగండి. ఖాళీ తూటా గొట్టాల్లో మందు నింపి ఇస్తామని తిరిగే వాళ్ళుంటారు, అది లైసెన్సు లేని తయారీ కిందకొస్తుంది, ఆయుధాల చట్టం ప్రకారం నేరం, పైగా ఆ పాత గొట్టం పేలితే ముందు దెబ్బ తగిలేది మీ ముఖానికే.

లోపల గుంటలు పడినా, గొట్టానికి సొట్ట పడినా, మూసినప్పుడు బ్యారెల్ కదులుతున్నా అది ఇంట్లో తేలే పని కాదు. "పాతపట్నం ఎంత దూరం బావా, అటేపు తీసుకొచ్చీ, మనోళ్ళకి చూపిద్దాం" అని మా బావమరిది ఏడాదికోసారైనా అంటాడు. దూరం లేదు నిజమే, కాని పాతపట్నం ఆంధ్రలోది, మధ్యలో రాష్ట్రం మారిపోతుంది. లైసెన్సులో ఏరియా ఒడిశా వరకే అని రాసుంటే ఆ నాలుగడుగులూ దాటకూడదు, రిపేరుకైనా సరే. ముందు లైసెన్సు పుస్తకం తెరిచి ఆ కాలమ్ చదవండి.