హైదరాబాద్ ఎఫ్‌సీ చివరి రెండు సీజన్లు: ఒక అభిమానిగా నా అనుభవం

ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2023-24 సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి 8 పాయింట్లతో పట్టికలో అట్టడుగున నిలిచింది. ఆ మరుసటి సీజన్‌లో 24 మ్యాచ్‌లకు 18 పాయింట్లు సాధించి, పదమూడు జట్లలో పన్నెండో స్థానంతో ముగించింది. ఆ తరువాత ఈ నగరం పేరుతో ఆ జట్టు మరో లీగ్ సీజన్ ఆడలేదు. ఈ అంకెలను మాత్రమే చూసేవారికి ఆ జట్టు చేతకానిదన్న అభిప్రాయం కలగడం సహజమే. అయితే ఆ రెండు సీజన్లనూ మొదటి నుంచి చివరి దాకా చూసిన వ్యక్తిగా, ఓటమికి మూలం మైదానంలో లేదని, ఆ పసుపు చొక్కాలు తొడుక్కుని ఆడిన కుర్రాళ్లను ఆ అంకెలతో కొలవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ బాధ అర్థం కావాలంటే అంతకు ముందు మేము చూసిన ఎత్తు కూడా తెలియాలి. 2019లో పుణె క్లబ్బు స్థానంలో లీగ్‌లోకి వచ్చిన హైదరాబాద్, తొలి సీజన్‌లో ఆఖరి స్థానంతో సరిపెట్టుకున్నా, స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాక రెండేళ్లలోనే దేశంలో అందరూ మెచ్చుకునే జట్టుగా మారింది. కుడి వైపు ఆశీష్ రాయ్, ఎడమ వైపు ఆకాశ్ మిశ్రా రెక్కల మీదుగా ముందుకు దూసుకుపోతుంటే, వెనుక ఖాళీలను జువావ్ విక్టర్ కాపాడుతుంటే, ముందు ఓగ్బెచే గోల్ కోసం కాచుకుని ఉండేవాడు. 2021-22లో ఆయన ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ ముందుగా గోల్ చేసినా, ఆట ముగియవస్తున్న వేళ సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్‌తో స్కోరు సమమైంది. పెనాల్టీలలో మూడింటిని మా గోల్‌కీపర్ కట్టిమణి అడ్డుకోగా 3-1తో కప్పు మన చేతికొచ్చింది. కోవిడ్ ఆంక్షల వల్ల 2020-21, 2021-22 సీజన్లు రెండూ గోవాలోనే జరిగాయి కనుక, మా జట్టు శిఖరానికి చేరిన ప్రయాణాన్నంతా మేము టీవీలోనే చూశాము. మా సొంత మైదానమైన గచ్చిబౌలి స్టేడియం గ్యాలరీకి ఆ భాగ్యం దక్కలేదన్న వెలితి నాకు ఇప్పటికీ ఉంది. 2022-23లో లీగ్ దశను రెండో స్థానంతో ముగించి, సెమీఫైనల్ రెండు మ్యాచ్‌లలోనూ గోల్ పడకపోవడంతో కోల్‌కతాలో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీలలో ఓడాము. ఆ ఓటమి రోజున ఎంత బాధపడినా, మంచి జట్టు ఒక అంగుళం తేడాతో ఓడిందన్న గౌరవం మిగిలింది.

పతనం అక్కడి నుంచే మొదలైంది. మనోలో గోవా జట్టుకు వెళ్లిపోయాడు. జీతాల బకాయిల వార్తలు, కొత్త ఆటగాళ్లను చేర్చుకోకుండా ఫిఫా విధించిన బదిలీ నిషేధాలు, ఒకరి తరువాత ఒకరుగా విదేశీ ఆటగాళ్ల నిష్క్రమణ వెంట వెంట వచ్చాయి. సీజన్ నడుమ యాసిర్ వంటి భారత ఆటగాళ్లు కూడా గోవాకు వెళ్లిపోయారు. చివరికి విదేశీ ఆటగాళ్లలో జువావ్ విక్టర్ ఒక్కడే మిగిలాడు. ప్రత్యర్థులు నలుగురేసి విదేశీయులతో దిగుతుంటే, మన వైపు ఎక్కువమంది ఇంకా మీసాలు దట్టంగా రాని పిల్లలు ఉండేవారు. అప్పుడు కోచ్‌గా ఉన్న తంగ్‌బోయ్ సింగ్టో ఆ పిల్లలతోనే మ్యాచ్ తరువాత మ్యాచ్ నడిపాడు.

ఆ సీజన్‌ను ఎలా దాటానని మిత్రులు అడుగుతుంటారు. మొదట్లో ప్రతి ఓటమి తరువాతా రెండు మూడు రోజులు మనసు బాగుండేది కాదు. పత్రికలో క్రీడల పేజీ తెరవాలంటేనే చెయ్యి వెనకాడేది. తరువాత్తరువాత నేను చూసే పద్ధతే మారింది. గెలుపును ఆశించి కూర్చోవడం మానేసి, ఒక్కో మ్యాచ్‌లో ఒక్కో ఆటగాణ్ని పట్టుకుని చూడసాగాను: బంతి తన దగ్గర లేనప్పుడు ఆ కుర్రాడు ఎక్కడ నిలబడుతున్నాడు, పక్కవాడు పొరపడితే ఖాళీని మూయడానికి ఎంత వేగంగా వెనక్కి పరుగెత్తుతున్నాడు, రెండు గోల్స్ వెనుకబడ్డాక కూడా బంతి అడుగుతున్నాడా లేక దాక్కుంటున్నాడా అని. కప్పు గెలిచిన ఏడు నేను గోల్స్ మాత్రమే చూశాను. ఫుట్‌బాల్‌ను నిజంగా చూడటం మాత్రం ఈ ఓటముల కాలంలోనే నేర్చుకున్నాను. 2024 మార్చిలో చెన్నైలో చెన్నయిన్ ఎఫ్‌సీని 1-0తో ఓడించినప్పుడు, ఆ సీజన్ మొత్తానికీ అదే ఏకైక విజయమైనా, అందులో ఎవరెవరి శ్రమ ఎంత ఉందో నేను పేర్లతో చెప్పగలిగాను.

2024-25కి ముందు యాజమాన్యం చేతులు మారింది. జీతాల గండం గడిచిందన్న ఊరట కలిగినా, జట్టును హడావుడిగా కూర్చవలసి వచ్చింది. ఆ తొందర బెంగళూరులో 3-0తో ఓడిన తొలి మ్యాచ్‌లోనే కనిపించింది. అక్టోబరు 26న కోల్‌కతాలో మొహమ్మదన్ స్పోర్టింగ్‌పై 4-0, నవంబరు 7న కొచ్చిలో ఆండ్రే ఆల్బా రెండు గోల్స్‌తో కేరళపై 2-1 అని వచ్చిన ఫలితాలు మాలో పెద్ద ఆశనే రేపాయి. కొచ్చి వంటి హోరెత్తే స్టేడియంలో ఒక గోల్ వెనుకబడి కూడా గెలవడం చిన్న విషయం కాదు. కానీ అదే నెల 25న గచ్చిబౌలిలో ఒడిశా చేతిలో 6-0తో ఓడాము. నా దృష్టిలో ఆ సీజన్‌లో అన్నిటికంటే కష్టమైన రాత్రి అదే; రక్షణ వరుసకూ మిడ్‌ఫీల్డ్‌కూ మధ్య అంత దూరం ఉంటే ఏ గోల్‌కీపర్ అయినా చేయగలిగింది ఏమీ ఉండదు. డిసెంబరులో సింగ్టో వైదొలిగాక షమీల్ చెంబకత్ కోచ్‌గా బాధ్యత తీసుకున్నాడు. ఆయన చేసిన మేలేమిటంటే ఆ దూరాన్ని తగ్గించడం. ఈస్ట్ బెంగాల్‌పై చివరి నిమిషాలలో మనోజ్ మొహమ్మద్ గోల్‌తో 1-1, మధ్యలో మోహన్ బగాన్ చేతిలో ఓడినా ఆపై గోవాతోనూ బెంగళూరుతోనూ 1-1, జంషెడ్‌పూర్‌పై 3-2 విజయం, ఇవన్నీ పెద్ద జట్ల ఎదుట వెన్ను చూపని ఆటలు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఆ సీజన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు సిరియాతోనూ, సీజన్ నడుమ మలేషియాతోనూ భారత జట్టు ఆడింది ఈ గచ్చిబౌలి స్టేడియంలోనే. అప్పుడు ఆ జట్టుకు కోచ్ మన మనోలోనే. డిసెంబరు 31న రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా ఇక్కడే జరిగింది. రహీమ్ సాబ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి ఐదేళ్లు వరుసగా రోవర్స్ కప్పు గెలిచిన నగరమిది. ఆయన శిక్షణలోనే భారత్ 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, ఆ జట్టులోని తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ బిడ్డ. కాబట్టి హైదరాబాద్‌లో ఫుట్‌బాల్‌కు ఆదరణ లేదన్న వాదనను నేను ఒప్పుకోను. రెండు సీజన్లు మైదానమే చూపించకుండా, మరో సీజన్ జట్టునే విప్పేసి, ఆపై గ్యాలరీ నిండలేదని అభిమానులను తప్పుపట్టడం న్యాయం కాదు.

2025 మార్చి 12న కేరళతో జరిగిన మ్యాచ్ ఇక్కడ చివరిది అవుతుందని గ్యాలరీలో ఉన్న మాకెవరికీ తెలియదు. ముందుగా కేరళ గోల్ చేసింది. తరువాత మన సౌరవ్ గాలిలోకి లేచి వెనక్కి వాలుతూ కాలితో బంతిని గోల్‌లోకి పంపాడు. స్కోరు 1-1. అంత అందమైన గోల్ ఈ స్టేడియంలో ఏ కొద్దిమందో చూసి ఉంటారు. ఆ అక్టోబరులో క్లబ్బు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారినప్పుడు నేను కొత్త జట్టును శపించలేదు, వెంట వెళ్లనూ లేదు. క్లబ్బును ఒక నగరం నుంచి మరో నగరానికి మార్చే అధికారం యజమానికి ఉండవచ్చు. అభిమానాన్ని కూడా ఆ సామానుతో పాటు సర్దుకుపొమ్మనే అధికారం మాత్రం లేదు.

ప్రస్తుతం నేను అజీజ్‌నగర్ దగ్గరి డెక్కన్ అరీనా వైపు చూస్తున్నాను. సూపర్ లీగ్ తరువాతి శ్రేణి అయిన ఐ-లీగ్‌లో 2022-23లోనూ 2023-24లోనూ వరుసగా రెండో స్థానంలో నిలిచిన శ్రీనిధి డెక్కన్ జట్టు అక్కడిదే. ఆ జట్టును నా జట్టు అనడానికి ఇంకా నోరు రావడం లేదు, దానికి కొంత కాలం పడుతుంది. అయినా ఆ ఓటముల సీజన్‌లో నేర్చుకున్నట్టే అక్కడ కూడా ఒక్కొక్క ఆటగాణ్ని పట్టుకుని చూడాలని, వాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా తెలుసుకోవాలని నిర్ణయించుకున్నాను.